ముందు చెవి చూశావా?

బడి పిల్లలు, వాళ్ల మనసులు: పాఠకుల ప్రశ్నలకు ఈ నెల జవాబులు

ప్రశ్న: మేడమ్, నేను ఎం.ఎస్సీ. సైకాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది కావలి దగ్గర పల్లెటూరు. ఈ సెమిస్టర్‌లో రెండు నెలలు ఏదైనా బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. రెండు చోట్ల ఒప్పుకున్నారు. ఒకటి నెల్లూరులో పెద్ద రెసిడెన్షియల్ కాలేజీ. వారానికి మూడు మోటివేషన్ క్లాసులు చెబితే చాలు, మంచి సర్టిఫికెట్ ఇస్తామన్నారు. రెండోది మా మండలంలో జిల్లా పరిషత్ హైస్కూలు. అక్కడ హెచ్.ఎం. గారు "రామ్మా, ఏం చేస్తావో నువ్వే చెప్పు" అన్నారు. మా నాన్న మొదటిదే మేలంటున్నారు. అమెరికాలో ఉన్న మా పెదనాన్న కూతురు, అక్కడ స్కూల్ సైకాలజిస్ట్ అని వేరే ఉద్యోగమే ఉంటుందనీ దానికి ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలనీ చెప్పింది. మన దగ్గర అలాంటిది ఉందా? ఇంకో సంగతి. పోయిన నెల ఆ హైస్కూలు చూద్దామని రెండు రోజులు వెళ్లాను. తొమ్మిదో తరగతి అమ్మాయి నా దగ్గరికొచ్చి, పరీక్షలు కాగానే తనకు పెళ్లి చేసేస్తున్నారని చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఏం చేయమంటారు?
(పేరు వద్దన్నారు, కావలి ప్రాంతం)

జవాబు: అమ్మాయీ, నీది మా పెద్దమ్మాయి వయసు. అందుకే నువ్వు అని రాస్తున్నాను. నీ ఉత్తరంలో చివర రాసిన సంగతికి ముందు జవాబిస్తాను. ఇంటర్న్‌షిప్ ఒక వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు. పత్రిక వచ్చేసరికి ఆలస్యమవుతుందని నీకు విడిగా ఉత్తరం రాశాను. నీలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఇక్కడ కూడా చెబుతున్నాను.

ఆ పిల్ల దగ్గరికి మళ్లీ వెళ్లు. "నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నీ గురించే ఆలోచిస్తున్నాను. ఎవరికీ చెప్పనని నేను ఒట్టు వేయకుండా ఉండాల్సింది. నీకు అన్యాయం జరుగుతుంటే నేను ఒక్కదాన్నే దాచిపెట్టుకోలేను. ఎవరికి చెప్పబోతున్నానో ముందు నీకే చెబుతాను" అను. తర్వాత హెచ్.ఎం. గారికి చెప్పు, అదే రోజు యూనివర్సిటీలో నీ గైడ్‌కి చెప్పు. 1098కి ఫోన్ చేస్తే పిల్లల సహాయ కేంద్రం వాళ్లు మాట్లాడతారు. అంగన్‌వాడీ టీచర్ ద్వారా ఐ.సి.డి.ఎస్. సూపర్‌వైజర్‌కి కబురు పెట్టొచ్చు. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పెళ్లి జరగబోతోందని తెలిస్తే ముందే ఆపమని మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చు. అంతా అయ్యాక పరిగెత్తాల్సిన పని లేదు.

అయితే పోలీసుల కంటే ముందు ఆ ఇంట్లో వాళ్లతో ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి. ఎందుకు తొందరపడుతున్నారో అడగాలి. మన వైపు నేను చూసిన ఇళ్లలో కట్నం భయం ఒకటైతే, ఊళ్లో ఎవడో పిల్ల వెంట పడుతున్నాడన్న భయం ఇంకొకటి. అమ్మానాన్నలిద్దరూ బెంగళూరుకో హైదరాబాద్‌కో బిల్డింగ్ పనులకు పోతే పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియకపోవడం మరొకటి. మూడో కారణమైతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు కోసం అడగొచ్చు, అక్కడే ఉండి చదువుకుంటుంది. కారణం తెలియకుండా చట్టం మాత్రమే చదివి వినిపిస్తే ఆ పెళ్లి ఇంకో ఊళ్లో, తెల్లవారుజామున, ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది.

ఇకనుంచి ఏ పిల్లతో మాట్లాడడం మొదలుపెట్టినా ముందే ఈ మాట చెప్పు: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. కానీ నీ ప్రాణానికి గానీ ఇంకొకరి ప్రాణానికి గానీ ముప్పు ఉందనిపిస్తే, నిన్ను ఎవరైనా తాకరాని చోట తాకుతుంటే, కొడుతుంటే, నేను పెద్దవాళ్లకు చెప్పక తప్పదు." ఇలా చెబితే పిల్లలు నోరు విప్పరని నేనూ మొదట్లో భయపడ్డాను. విప్పుతారు. ఎక్కడిదాకా చెప్పొచ్చో తెలిసిన పిల్ల ఇంకా ధైర్యంగా మాట్లాడుతుంది. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే మన ఇష్టాయిష్టాలకు చోటే లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన వాళ్లెవరైనా పోలీసులకు తెలపాలి. చెప్పకపోవడం నేరం. ఇంటర్న్ కదా అని నీకు మినహాయింపు లేదు. చచ్చిపోవాలనుంది అని ఏ పిల్లాడైనా అంటే ఆ మాటను నువ్వు ఒంటరిగా మోయొద్దు. వాణ్ని ఒక్కణ్ణే వదలకుండా పక్కనే ఉండి పెద్దవాళ్లను పిలిపించు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ నీ ఫోన్‌లో ఈ రోజే వేసుకో.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్ సంగతి. నా మాట హైస్కూలుకే. ఎందుకో చెప్పాలంటే నా కథ ఒకటి చెప్పాలి.

2009లో నేను నీలాగే ఇంటర్న్‌ని. మైపాడు బీచికి పోయే దారిలో ఒక బడి. పేరు వద్దు. నా చేతిలో కొత్తగా నేర్చుకున్న మాలిన్ పరీక్ష పెట్టె ఉండేది. మన దేశంలో పిల్లల తెలివి కొలవడానికి 1969 నుంచి వాడుతున్న పరీక్ష అది. నువ్వూ నేర్చుకునే ఉంటావు. మాటలతో జవాబు చెప్పే భాగం ఒకటి, చేతులతో చేసి చూపించే భాగం ఒకటి. రంగు ఘనాలు పేర్చాలి, బొమ్మలో ఏం లోపించిందో పట్టుకోవాలి, ముక్కలు జోడించాలి. ఏడో తరగతిలో ఒక పిల్లాడున్నాడు. సముద్రం ఒడ్డున పాళెం నుంచి రోజూ నడిచి వచ్చేవాడు. లెక్కల మాస్టారు "వీడి బుర్రలో ఏముందో చూడమ్మా" అన్నారు. నేను ఆ రోజే పరీక్ష పెట్టాను. మాటల భాగంలో 64, చేతల భాగంలో 92 వచ్చాయి. రెండింటి సగటు 78. స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ, అందరూ వింటుండగా, ఆ 78 చెప్పాను. సామాన్యం కంటే తక్కువ తెలివి అన్నాను.

మర్నాడే వాడు చివరి బెంచీకి మారాడు. వారం తిరిగేసరికి వాణ్ని ప్రశ్న అడగడం కూడా మానేశారు.

నెల రోజులకు మా సూపర్‌వైజర్ సార్ వచ్చారు. కేస్ షీట్ తిప్పి చూశారు. నన్ను తిట్టలేదు. "ముందు చెవి చూశావా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. మాటలకీ చేతలకీ మధ్య 28 పాయింట్ల తేడా ఉందే, ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందని నీకు అనుమానం రాలేదా అన్నారు. పిల్లాణ్ని పిలిపించి, వాడికి వెనకగా నిలబడి పేరు పెట్టి పిలిచారు. వాడు తిరగలేదు. చిన్నప్పటి నుంచి రెండు చెవుల్లో చీము కారుతోంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాడు. నేనేమో తల వంచుకుని, కాగితం చూస్తూ ప్రశ్నలు చదివాను. వాడు నా నెత్తి చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు సార్ నాకొక పాత సంగతి చెప్పారు. 1896లో ఫిలడెల్ఫియాలో లైట్నర్ విట్మర్ అనే ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదటి మానసిక చికిత్సా కేంద్రం తెరిచినప్పుడు, మొదటి కేసుగా వచ్చింది స్పెల్లింగులు రాని 14 ఏళ్ల పిల్లాడు. వాణ్ని తీసుకొచ్చింది వాళ్ల టీచరే. పరీక్షిస్తే వాడి చూపులో లోపం ఉందని తేలింది. మొదట కళ్లద్దాలు పెట్టించి, తర్వాతే చదువు మీద పని మొదలుపెట్టారు. బడి పిల్లల సైకాలజీ పుట్టిందే అక్కడ. నూట పదమూడేళ్ల తర్వాత నేను ఆ మొదటి మెట్టు దాటేసి నేరుగా ఐక్యూ దగ్గరికి పోయాను.

నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మందులతో చీము తగ్గింది, వినికిడి కొంత మెరుగైంది. వాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టమని సార్ స్వయంగా చెప్పారు. కానీ స్టాఫ్ రూమ్‌లో నేను చెప్పిన 78 మాత్రం ఎవరూ మరిచిపోలేదు. పదో తరగతికి ముందే వాడు బడి మానేసి వాళ్ల నాన్నతో పడవెక్కాడు. మైపాడు దారిలో పోయినప్పుడల్లా ఆ బడి గోడ చూడలేక తల తిప్పుకునే దాన్ని. ఇప్పుడు చూస్తాను. ఆ గోడ గుర్తుంటే మంచిదని.

అందుకే అడుగుతున్నాను. నువ్వు చేరబోయే చోట నీ కేస్ షీట్ తిప్పి చూసి "చెవి చూశావా?" అని అడిగే మనిషి ఉన్నారా? సర్టిఫికెట్ మీద ఎవరి పేరుందన్నది నాకు అనవసరం. ఆ రెసిడెన్షియల్ కాలేజీలో అనుభవం ఉన్న సైకాలజిస్ట్ ఒకరుండి, ఆమె కింద పిల్లలతో విడిగా మాట్లాడనిస్తామని ఉంటే, సంతోషంగా వెళ్లమనేదాన్ని. అక్కడి పిల్లలకు అవసరం లేదని కాదు. తెల్లారి అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు, మార్కులు తగ్గితే సెక్షన్ మార్పు, ఆదివారం అమ్మానాన్నలు క్యారియర్ తెచ్చినప్పుడు గేటు దగ్గర ఏడుపు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. కానీ మైకు పట్టుకుని మూడొందల మందికి "మీరు సాధించగలరు" అని చెప్పి వచ్చేస్తే ఒక్కరి గొంతయినా నీకు వినపడదు. రెండు నెలలూ నువ్వే మాట్లాడి వస్తావు.

హైస్కూల్లో సూపర్‌వైజర్ లేరన్నది నిజమైన లోటే. దాన్ని నువ్వు పూడ్చుకోవాలి. యూనివర్సిటీలో మీ గైడ్‌ని వారానికి ఒక గంట ఫోన్‌లోనైనా అడుగు. ఏ రోజు, ఎన్నింటికి అన్నది ముందే రాయించుకో. మీ నాన్నకు కూడా ఇది చెప్పు. రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్లు, నువ్వు ఎవరి దగ్గర ఎన్ని కేసులు చూశావని అడుగుతారు. మోటివేషన్ క్లాసులు ఎన్ని చెప్పావని అడగరు.

మొదటి పది రోజులు ఏ పరీక్షా పెట్టొద్దు. పెట్టె ఇంట్లోనే వదిలి వెళ్లు. ప్రార్థన గంటకు ముందే బడికి చేరు. ఎవరు పరిగెత్తుకుంటూ వస్తున్నారో, ఎవరు గేటు బయట తచ్చాడుతున్నారో చూడు. క్లాసులో వెనక కూర్చో. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలతో పాటు తిను. కంచం పట్టుకుని ఒంటరిగా తినే పిల్ల ఎవరు? కోడిగుడ్డు తినకుండా జేబులో వేసుకునే పిల్లాడెవరు, అది ఎవరి కోసం తీసుకుపోతున్నాడు? రెండు దాటాక తలనొప్పి అంటూ వచ్చే ఆడపిల్లలుంటారు. వాళ్లను పొద్దున ఏం తిన్నారో, నీళ్లెన్ని తాగారో అడుగు. టాయిలెట్‌కి పోవడం ఇష్టం లేక సాయంత్రం దాకా నీళ్లు ముట్టని వాళ్లు చాలామంది ఉంటారు. ఆ తలనొప్పికి మందు కౌన్సెలింగ్ కాదు, తలుపుకి గడియ. హెచ్.ఎం. గారితో ఆ మాట చెప్పి గడియ పెట్టించగలిగితే నీ ఇంటర్న్‌షిప్‌లో అదొక మంచి పని.

టీచర్లను తక్కువగా చూడొద్దు. కొత్తగా చదివి వెళ్లిన వాళ్లకు అది తెలియకుండానే వస్తుంది. ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తున్నది వాళ్లే. ఒక పిల్లాడి గురించి అడిగేటప్పుడు "వీడితో సమస్యేంటి" అనకుండా "వీడు ఏ పీరియడ్‌లో బాగుంటాడు సార్?" అని అడుగు. జవాబులు మారిపోతాయి. డ్రిల్లు పీరియడ్‌లో నాయకుడిగా ఉండేవాడు ఇంగ్లిష్ పీరియడ్‌లో కడుపునొప్పి అంటున్నాడంటే, ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

నోట్‌బుక్‌లో పిల్లల పేర్లు రాయకు, నంబర్లు వేసుకో. పేర్ల పట్టిక వేరే చోట తాళం వేసి పెట్టు. బడిలో పిల్లలతో తీసుకున్న ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. నీతో కలిసి ఫొటోలో ఉన్న పిల్లను ఊళ్లో వాళ్లు "కౌన్సెలింగ్ తీసుకునే పిల్ల" అంటారు. ఆ మాట పల్లెల్లో ఎంత దూరం పోతుందో నీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఇంకొకటి: స్టాఫ్ రూమ్‌లో టీ తాగు, కబుర్లు చెప్పు, కానీ ఏ పిల్లాడి అంకె కూడా అక్కడ బయటికి రానీయకు.

మీ అక్క చెప్పింది నిజమే. అమెరికాలో స్కూల్ సైకాలజిస్ట్ అనేది లైసెన్సు ఉన్న ప్రత్యేక వృత్తి. పి.జి. స్థాయి శిక్షణ చివర కనీసం 1,200 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటుంది, అందులో కనీసం 600 గంటలు బడిలోనే చేయాలని అక్కడి స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం ప్రమాణం. అయిదు వందల మంది పిల్లలకు ఒక సైకాలజిస్ట్ ఉండాలని కూడా ఆ సంఘమే చెబుతుంది, అది చాలా రాష్ట్రాల్లో అందడం లేదు. మన దేశంలో స్కూల్ సైకాలజిస్ట్ పేరుతో విడిగా లైసెన్సు లేదు. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎం.ఎస్సీ. ఒక్కదానితో ఆ పేరు వాడకూడదు. సి.బి.ఎస్.ఇ. బడుల్లో కౌన్సిలర్, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి ఉద్యోగాలు ఎక్కువగా అక్కడే. ఎం.ఎస్సీ. అయ్యాక ఎన్.సి.ఇ.ఆర్.టి. వాళ్ల గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా గురించి ఆలోచించు. ఏడాది కోర్సు. ఆరు నెలలు ఇంటి నుంచే చదువు, మూడు నెలలు కేంద్రంలో ఉండి శిక్షణ, చివరి మూడు నెలలు సొంత ఊళ్లోనే ఇంటర్న్‌షిప్. మనకు దగ్గరి కేంద్రం మైసూరు.

ఆ తొమ్మిదో తరగతి పిల్ల సంగతి ఏమైందో నాకు రాయి. వచ్చే నెల దాకా ఆగకు.

ప్రశ్న: నేను చీమకుర్తి వైపు ఒక హైస్కూల్లో బయాలజీ టీచర్‌ని. 41 ఏళ్లు. మా బడిలో గ్రానైట్ క్వారీల్లో పనిచేసే వాళ్ల పిల్లలు చాలామంది. దూరవిద్యలో ఎం.ఎస్సీ. సైకాలజీ చేసి స్కూల్ కౌన్సిలర్ కావాలనుంది. ఈ వయసులో కుదురుతుందా? ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలి?

జవాబు: మాస్టారూ, వయసు అడ్డం కాదు. దూరవిద్య అడ్డం. 2025 జూలై, ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పడం ఆపమని యు.జి.సి. విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. ఇప్పుడు ఎవరైనా "ఫీజు కట్టండి, మేం చూసుకుంటాం" అంటే కట్టకండి. రెగ్యులర్‌గా చదవాలంటే తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగాలున్నాయి, కానీ దానికి సెలవు పెట్టాలి. మీకు నేను పైన రాసిన ఎన్.సి.ఇ.ఆర్.టి. డిప్లొమానే సరిపోతుంది. పనిచేస్తున్న టీచర్లు కూడా అందులో చేరుతుంటారు. ఆ ఏడాది ప్రకటనలో అర్హతలు చూసుకుని దరఖాస్తు చేయండి.

ఇంటర్న్‌షిప్ మీ బడిలోనే చేయాలని మీకు అనిపిస్తుంది. ఒక్క ఇబ్బంది ఉంది. పొద్దున మార్కులు వేసిన చేయి మధ్యాహ్నం కష్టం వింటానంటే పిల్లలకు నమ్మకం కుదరదు. సగం రోజులైనా పక్క ఊరి బడిలో చేయండి. అక్కడ మీరు మాస్టారు కారు, మీ చేతిలో ఇంటర్నల్ మార్కులు లేవు. ఆ తేడా ఎంత ఉంటుందో మొదటి వారంలోనే మీకు తెలుస్తుంది.

ప్రశ్న: అమ్మా, మా బాబుకి పదేళ్లు, నెల్లూరులో ప్రైవేటు బడిలో అయిదో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు. చదవమంటే చెమటలు పడతాయి. ఒత్తులు వదిలేస్తాడు, ప బదులు వ రాస్తాడు. వాడికి చదువు రావాలని రెండేళ్లు వరసగా రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో చదువు రొట్టె పట్టుకున్నాను. ఇప్పుడు వాళ్ల బడికి ట్రైనింగ్‌కి వచ్చిన ఒక అమ్మాయి మా వాడికి ఏవో పరీక్షలు పెట్టాలని కాగితం పంపింది. సంతకం పెట్టమంటోంది. మా ఆయన "మనోడేమన్నా పిచ్చోడా, ట్రైనింగ్ పిల్లలకి మనోడే దొరికాడా" అని కోప్పడుతున్నాడు. పెట్టాలా వద్దా?

జవాబు: మీ ఆయన కోపం నాకు అర్థమైంది. పదేళ్ల బిడ్డ మీద ఎవరో వచ్చి ఏదో రాసిపోతారన్న భయం అది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, పై జవాబులో నేను చేసిన పని చదివే ఉంటారు. అయినా పెట్టమనే నా సలహా. పెట్టేముందు ఆ అమ్మాయిని పిలిపించుకుని కొన్ని అడగండి. మంచి అమ్మాయైతే ఏమీ అనుకోదు. సంతకం అడిగిందంటేనే పద్ధతి తెలిసిన పిల్ల అని నాకు అనిపిస్తోంది.

నీ పైన ఎవరున్నారు, రిపోర్టు మీద ఎవరు సంతకం చేస్తారు అని అడగండి. ఇంటర్న్ ఒక్కతే సంతకం చేసిన రిపోర్టు వద్దు. పరీక్ష ఏ భాషలో పెడతారు అని అడగండి. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఇంగ్లిష్ చదివే పిల్లాడికి ఒక్క ఇంగ్లిష్‌లోనే పరీక్ష పెడితే తేలేది వాడి ఇంగ్లిష్, వాడి బుర్ర కాదు. రెండు భాషల్లోనూ చదివించి చూడాలి. కళ్లు, చెవులు ముందు చూపించారా అని ఆమె మిమ్మల్ని అడగాలి. అడగకపోతే మీరే చూపించి రండి. రిపోర్టు ప్రతి మీకు ఇవ్వాలి, అందులో ఏముందో తెలుగులో కూర్చోబెట్టి చెప్పాలి. ఆ రిపోర్టు క్లాసులో, స్టాఫ్ రూమ్‌లో తిరగకూడదు. ఇవన్నీ సరే అంటే పెట్టండి. మధ్యలో వద్దనిపిస్తే ఆపేసే హక్కు కూడా మీదే.

మీరు రాసిన లక్షణాలను బట్టి చదవడం, రాయడంలో మాత్రమే వచ్చే ఇబ్బంది (డిస్లెక్సియా అంటారు) కావచ్చు. ఉత్తరం చూసి తేల్చి చెప్పకూడదు, చెప్పను కూడా. అదే అయితే పిచ్చి కాదు, మందబుద్ధి కాదు. తెలివి మామూలుగా ఉండి అక్షరం మాత్రమే మొరాయిస్తుంది. ఒక్కో అక్షరం, ఒక్కో ఒత్తు, చేత్తో ఇసుకలో రాయిస్తూ నేర్పించే పద్ధతులున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఉంది. సర్టిఫికెట్ వస్తే రేపు పెద్ద పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనపు సమయం అడగొచ్చు. సర్టిఫికెట్ ఇచ్చేది ఇంటర్న్ కాదు, ప్రభుత్వ వైద్య బోర్డు. ఇంటర్న్ చేసేది అక్కడికి దారి చూపించడం. నెల్లూరులోనే కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల పునరావాస కేంద్రం సి.ఆర్.సి. ఉంది, సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. కింద నడుస్తుంది. అక్కడ కూడా అడగొచ్చు.

చదువు రొట్టె మానొద్దు. ఆ నమ్మకంతోనే మీరు రెండేళ్లు వాణ్ని కొట్టకుండా కనిపెట్టుకుని ఉన్నారు, అది మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. వాడు తన పాఠం తాను చదువుకున్న ఏడాది, కోరిక తీరినవాళ్లు చేసినట్టే, మీరు రొట్టె తీసుకుపోయి ఇంకో తల్లి చేతిలో పెడుదురుగాని.

ఉత్తరం చివర, కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం ఒకటుంది. పోయిన ఎండాకాలం వాళ్ల తాత టేబుల్ ఫ్యాన్ తిరగడం మానేస్తే, ఎవరికీ చెప్పకుండా విప్పి మీ బాబే బాగుచేశాడని. ఎందుకు కొట్టేశారమ్మా? ఆ ట్రైనింగ్ అమ్మాయికి అది ముందుగా చెప్పండి. రిపోర్టులో మొదటి పేజీలోనే రాయమనండి.